ఇటాలియన్ క్రీమ్ సోడా: కేఫ్‌లో విరగనిది ఇంట్లో ఎందుకు విరుగుతుంది?

క్లుప్తంగా: పేరు ఇటాలియన్ అయినా ఇది అమెరికా డ్రింక్. ఐసు, ఫ్లేవర్ సిరప్, సాదా సోడా, పైన కొంచెం క్రీమ్, అంతే. ఇంట్లో చేసినప్పుడు ఎదురయ్యే రెండు ఇబ్బందులు పాలు విరగడం, గ్యాస్ పోవడం. ఖరీదైన సిరప్ కొననందువల్ల అవి రావు. పులుపు, చల్లదనం, క్రీమ్‌లో ఉన్న కొవ్వు, పోసే వరుస: వీటిలో ఒకటో రెండో తప్పితేనే వస్తాయి.

రీల్స్‌లో చూస్తే ముప్పై సెకన్ల పని. గ్లాసు నిండా ఐసు, అడుగున ఎర్రటి సిరప్, దాని మీద బుడగలతో సోడా, చివర్లో తెల్లటి క్రీమ్ పొగలా మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. అది చూసి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్న పాలు, ఒక లెమన్ సోడా బాటిల్, ఏదో సిరప్ తీసుకుని కలిపితే చాలామందికి వచ్చేది వేరు: పైన తెట్టెలా నురగ, మధ్యలో తెల్లటి పలుకులు తేలుతున్న నీళ్ళు, తాగితే గ్యాస్ లేని తీపి. రెసిపీ తప్పని అనుకుంటారు గానీ, తప్పు సాధారణంగా ఏ సోడా తీసుకున్నారు, ఏ పాలు పోశారు అన్నదగ్గరే ఉంటుంది. ఈ డ్రింక్ పేరే ఆ తికమకకు సగం కారణం.

పేరుతో మొదలయ్యే గందరగోళం

మన దగ్గర బాటిళ్ళలో దొరికే ‘క్రీమ్ సోడా’లో క్రీమ్ ఉండదు. అది వెనీలా వాసన వేసిన తియ్యటి సోడా. ‘ఇటాలియన్ సోడా’ అంటే సిరప్, సాదా సోడా, ఐసు. దానికి పైన పాలూ క్రీమూ కలిసిన ‘హాఫ్ అండ్ హాఫ్’ వేస్తే ‘ఇటాలియన్ క్రీమ్ సోడా’ అవుతుంది. దీన్నే అమెరికాలో కొన్ని చోట్ల ‘ఫ్రెంచ్ సోడా’ అని కూడా అంటారు, అక్కడికి ఇటలీ అయిపోయి ఫ్రాన్స్ మొదలైందన్నమాట. న్యూయార్క్‌లో ‘ఎగ్ క్రీమ్’ అని ఇంకోటి ఉంది, అందులో గుడ్డూ ఉండదు, క్రీమూ ఉండదు. చాక్లెట్ సిరప్, పాలు, సోడా మాత్రమే. ఈమధ్య బాగా వినిపిస్తున్న ‘డర్టీ సోడా’ అమెరికాలోని యూటా రాష్ట్రం నుంచి వచ్చింది. అక్కడ మోర్మన్ మతస్థులు కాఫీ, మద్యం ముట్టరు కాబట్టి సోడా షాపులు బాగా పెరిగాయి. ఆ డర్టీ సోడాకు ఆధారం సాదా సోడా కాదు, కోలా లాంటి తీపి డ్రింకు. అందులో కొబ్బరి సిరప్, క్రీమ్ కలుపుతారు.

ఇటలీ సంబంధం ఎక్కడినుంచి వచ్చిందంటే, సిరప్ నుంచి. పండ్ల సిరప్‌ని నీళ్ళలోనో సోడాలోనో కలుపుకుని తాగడం ఇటలీలో పాత అలవాటే. ఇటలీలోని లుక్కా ప్రాంతం మూలాలున్న రినాల్డో, ఎజిల్డా టోర్రె దంపతులు 1925లో శాన్ ఫ్రాన్సిస్కోలోని నార్త్ బీచ్‌లో సిరప్‌ల వ్యాపారం మొదలుపెట్టారు. అదే ఇప్పటి టొరానీ బ్రాండ్. మొదట చేసిన ఐదు ఫ్లేవర్లలో సోంపు, దానిమ్మ, నిమ్మ, బాదంతో పాటు చింతపండు కూడా ఉంది. అవును, చింతపండే. అంటే వందేళ్ళ క్రితం అమెరికాలో ఇటాలియన్ సోడా పేరుతో తాగిన వాటిలో ఒకటి, మన దగ్గర వేసవిలో చేసుకునే చింతపండు పానకానికి దూరపు చుట్టం. క్రీమ్ మాత్రం అమెరికా చేర్చిందే. ఇటలీ వెళ్ళి ‘ఇటాలియన్ క్రీమ్ సోడా ఇవ్వండి’ అంటే అక్కడివాళ్ళకు అర్థమయ్యే అవకాశం తక్కువ.

పాలు, సోడా కలపడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. ఢిల్లీ, పంజాబ్ వైపు, పాకిస్తాన్‌లోనూ దూధ్ సోడా ఎప్పటినుంచో ఉంది: బాగా చల్లబరిచిన పాలలో నిమ్మ వాసన ఉన్న తీపి సోడా పోసి వెంటనే తాగేస్తారు. ‘వెంటనే’ అన్న మాట ముఖ్యం. ఎందుకో తర్వాతి భాగంలో తేలుతుంది.

విరగడం వెనక ఉన్న లెక్క

పాలలో కేసీన్ అనే ప్రోటీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఆ ఉండల మీద ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా ఉంటాయి. పులుపు చేరేకొద్దీ ఆ తోపుడు తగ్గుతుంది. మామూలు పాల పీహెచ్ (పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.6, 6.7 మధ్య ఉంటుంది, అది 4.6 దగ్గరికి దిగితే ఉండలన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. పెరుగు తోడుకోవడమైనా, నిమ్మరసం పిండి పాలు విరగ్గొట్టి పనీర్ చేయడమైనా ఇదే పని, వేగమే వేరు.

ఈ వేగం దగ్గరే అసలు కిటుకు ఉంది. మరుగుతున్న పాలలో నిమ్మరసం పడితే చూస్తుండగానే విరుగుతాయి. అదే బాగా చల్లగా, 4 డిగ్రీల లోపు ఉన్న పాలలో అంతే పులుపు చేరినా ప్రోటీన్ వెంటనే గట్టిపడదు, పాలు వేడెక్కడం మొదలయ్యాకే ముద్ద కడతాయి. కేఫ్‌లో ఇచ్చే గ్లాసు నిండా ఐసు ఉండటం చూసి ‘సోడా తక్కువ పోయడానికి ఎత్తు’ అనుకునేవాళ్ళున్నారు. అందులో కొంత నిజం ఉంటే ఉండొచ్చు, కానీ ఐసు ఉన్నంతసేపూ గ్లాసు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, క్రీమ్‌ను కాపాడేది అదే. ఐసు అంతా కరిగాక కూడా గ్లాసు అలాగే టేబుల్ మీద ఉంటే కేఫ్‌లో చేసినదైనా సరే పలుకులు కడుతుంది. దూధ్ సోడాను వెంటనే తాగేయడానికి కూడా ఇదే కారణం.

మరి సోడాలోనూ ఆమ్లం ఉంటుంది కదా? ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగితే కార్బానిక్ ఆమ్లం అవుతుంది, సాదా సోడా పీహెచ్ 4 చుట్టుపక్కల ఉంటుంది. కానీ అది చాలా బలహీనమైన ఆమ్లం, పైగా గ్యాస్ బయటికి పోతున్నకొద్దీ తగ్గిపోతుంది. క్రీమ్‌లోని ప్రోటీనూ లవణాలూ ఆ కాస్త పులుపును తమలో సర్దేసుకుంటాయి. లెమన్ సోడా, కోలా అలా కాదు. మొదటిదాంట్లో సిట్రిక్ ఆమ్లం, రెండోదాంట్లో ఫాస్ఫారిక్ ఆమ్లం కలుపుతారు, వీటి పీహెచ్ 2.5, 3 దగ్గర ఉంటుంది, గ్యాస్ పోయినా ఆ పులుపు ఎక్కడికీ పోదు. కోలా బాటిల్‌లో పాలు పోసి కొన్ని గంటలు వదిలేస్తే గోధుమరంగు మడ్డి అడుగున చేరి పైన తేటనీళ్ళు మిగిలే వీడియోలు అందరూ చూసినవే. ‘కోలా కడుపులో ఇంత పని చేస్తుందా’ అని టెన్షన్ పెట్టే కామెంట్లు కింద ఉంటాయి. నిజానికి అక్కడ జరిగింది పాలు విరగడమే. కడుపులో ఉండే ఆమ్లం కోలా కంటే బలమైనది, పాలు ఒక్కటే తాగినా అక్కడ విరగాల్సిందే.

కాబట్టి షాపులో ‘సోడా’ అని అడిగితే ఏది ఇచ్చారో లేబుల్ చూడాలి. నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్, మహా అయితే కొద్దిగా సోడియం బైకార్బొనేట్ లాంటి లవణాలు ఉన్నది సరైనది. చక్కెర, నిమ్మ ఫ్లేవర్ ఉన్నది ఈ పనికి రాదు. గోలీ సోడా దొరికితే, అందులో ఫ్లేవర్ లేకపోతే, ఇంకా మంచిదే. గోలీని మూతకు నొక్కిపట్టేది లోపలి గ్యాసే కాబట్టి, గ్యాస్ లేని గోలీ సోడా అంటూ ఉండదు.

పాలు పోస్తే ఒకలా, క్రీమ్ పోస్తే ఇంకోలా

అమెరికా రెసిపీల్లో వాడే హాఫ్ అండ్ హాఫ్‌లో కొవ్వు 10.5 నుంచి 18 శాతం లోపు ఉంటుంది. అక్కడున్న తెలుగువాళ్ళకు ఇది కాఫీలోకి వాడే మామూలు సరుకు. ఇక్కడ ఆ పేరుతో దొరకడం కష్టం కాబట్టి చాలామంది దాని బదులు పాలు పోస్తారు. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే. కొవ్వు తగ్గితే రుచి పలచబడటం ఒక సంగతి, విరిగే అవకాశం పెరగడం ఇంకో సంగతి. చిక్కటి క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి ఆ మేరకు ప్రోటీన్ తక్కువ, ఉన్న ప్రోటీన్ ఉండల మధ్య కొవ్వు బిందువులు అడ్డం ఉంటాయి, ఒకవేళ అంటుకున్నా పలుకులు సన్నగా ఉండి కంటికి కనిపించవు. పాలలో అలా కాదు, అందులోనూ గేదె పాలలో కేసీన్ ఆవు పాలకంటే ఎక్కువ కాబట్టి విరిగితే బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దీనికి సులువైన దారి ఉంది. టెట్రా ప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం ఉంటుంది. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం. ఒక వంతు క్రీమ్‌లో రెండు వంతుల ఫుల్ క్రీమ్ పాలు కలిపితే 12 శాతం పైచిలుకు వస్తుంది, సమానంగా కలిపితే 15.5. రెండూ హాఫ్ అండ్ హాఫ్ పరిధిలోకే వస్తాయి. ఈ ప్యాకెట్ క్రీమ్‌లో చిక్కదనం నిలబడటానికి స్టెబిలైజర్లు కూడా వేస్తారు, అవి ఇక్కడ అదనపు సాయం. కాచిన పాల మీద కట్టిన మీగడ మాత్రం వద్దు. అది ద్రవం కాదు, వేడికి గట్టిపడిన ప్రోటీనూ కొవ్వూ కలిసిన పొర. ఎంత గిలక్కొట్టినా సోడాలో తునకలుగా తేలుతుంది, చూసినవాళ్ళు విరిగిందనే అనుకుంటారు.

రీల్స్‌లో కనిపించే ఆ పొగ మెలికలు కూడా కొవ్వు లెక్కే. పాలు నీళ్ళకంటే కొంచెం బరువు, కొవ్వు నీళ్ళకంటే తేలిక. 12 శాతం కొవ్వున్న మిశ్రమం మొత్తం మీద సాదా సోడా కంటే కాస్త బరువే కాబట్టి ఐసు సందుల్లోంచి నెమ్మదిగా కిందికి జారుతుంది. బాగా కొవ్వున్న విప్పింగ్ క్రీమ్ జారదు, పైనే తేలుతుంది. ముందే సిరప్ మొత్తం సోడాలో కలిపేస్తే సోడా బరువెక్కి ఏ క్రీమైనా పైనే ఆగిపోతుంది. ఫొటో కోసం చేసేవాళ్ళు సిరప్‌ని కదపకుండా అడుగునే వదిలేసేది ఇందుకే. తాగేవాళ్ళు మాత్రం కలుపుకోవాల్సిందే, లేకపోతే మొదటి సగం చప్పగా, చివరి సగం పాకంలా ఉంటుంది.

గ్యాస్ ఎక్కడ పోతుంది

మామూలు వాతావరణ పీడనంలో సున్నా డిగ్రీల నీళ్ళు లీటరుకు 3.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పట్టుకోగలవు. 20 డిగ్రీల దగ్గర అది సుమారు 1.7 గ్రాములకు, అంటే సగానికి పడిపోతుంది. మన ఎండాకాలపు వంటింట్లో 35 డిగ్రీల దగ్గర ఇంకా తక్కువ. బయట ఉన్న సోడా బాటిల్ తెచ్చి ‘ఎలాగూ ఐసు వేస్తాం కదా’ అని గ్లాసులో పోస్తే, ఐసు దాన్ని చల్లబరిచేలోపే గ్యాస్‌లో చాలా భాగం బుస్సుమని పైకి పోతుంది. బాటిల్ ముందురోజే ఫ్రిజ్‌లో పడుకోవాలి.

రెండో దారి గరుకుదనం. బుడగ పుట్టడానికి ఏదో ఒక ఆసరా కావాలి: చక్కెర పలుకు, పొడి చేసిన ఐసు, గ్లాసు లోపలి గీతలు. సోడాలో పంచదార వేస్తే పొంగేది అందుకే. ఫ్లేవర్‌ని పొడిగా కాకుండా సిరప్‌గానే వేయడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఐసు పొడిగా కాకుండా పెద్ద ముక్కలుగా ఉంటే గ్యాస్ నిలుస్తుంది.

మూడోది పాలే. పాల ప్రోటీన్ బుడగ చుట్టూ పొరలా అల్లుకుని దాన్ని పగలనివ్వదు, దాంతో నురగ పేరుకుంటుంది. సిరప్, క్రీమ్ ముందు వేసి పైనుంచి సోడా పోస్తే గ్లాసు పొంగి టేబుల్ మీదికి వస్తుంది. ఇంట్లో సోడా మెషిన్ ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక: అందులో నీళ్ళకు మాత్రమే గ్యాస్ పట్టించాలి. పాలు కలిపినదో, సిరప్ కలిపినదో అందులో పెడితే నురగ నాజిల్ లోపలికి ఎక్కి కూర్చుంటుంది, తర్వాత దాన్ని కడుక్కోవడం కంటే సోడా కొనుక్కోవడం నయం అనిపిస్తుంది.

సిరప్: అన్నిటికంటే సులువైన భాగం

సమాన బరువు చక్కెర, నీళ్ళు తీసుకుని చక్కెర కరిగేదాకా వేడి చేస్తే చాలు. తీగ పాకం అక్కర్లేదు, గులాబ్‌జామూన్ పాకమంత చిక్కదనం కూడా వద్దు. చిక్కబడితే చల్లటి సోడాలో కలవకుండా అడుగున అతుక్కుంటుంది. పొయ్యి మీదినుంచి దించి, కొంచెం చల్లారాక వెనీలా లాంటి ఎసెన్స్ వేయాలి, వేడి మీద వేస్తే వాసన ఆవిరితో పోతుంది. పండ్లయితే ముక్కలను పాకంలో కొద్దిసేపు మగ్గించి వడకట్టాలి. ఇలా చేసిన పలచటి సిరప్ ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలకు మించి ఉంచకపోవడం మంచిది. రెండు వంతుల చక్కెరకు ఒక వంతు నీళ్ళు వేసిన చిక్కటి పాకం ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎందుకంటే సూక్ష్మజీవులకు అందే నీళ్ళు అందులో తక్కువ.

ఏ ఫ్లేవర్ క్రీమ్‌తో కుదురుతుంది అన్నది పులుపును బట్టే తేలుతుంది. వెనీలా, బాదం, కారమెల్, కొబ్బరి, గులాబీ, ఏలకులు భయం లేనివి. నన్నారి బాగా కుదురుతుంది, వెనీలాకు దగ్గరి వాసన దానికి సహజంగానే ఉంది. కాకపోతే రాయలసీమలో నన్నారి షర్బత్‌లో అలవాటుగా నిమ్మకాయ పిండుతారు, క్రీమ్ వేసేటప్పుడు ఆ నిమ్మకాయ మానేయాలి. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ మధ్యస్తం: పులుపు ఉంటుంది గానీ 30 మిల్లీలీటర్ల సిరప్ 180 మిల్లీలీటర్ల సోడాలో పలచబడుతుంది కాబట్టి చల్లగా ఉన్నంతసేపు నడుస్తుంది. చలికాలంలో లంబసింగి వైపు నుంచి వచ్చే స్ట్రాబెర్రీ పుల్లగా తగిలితే సిరప్‌లో చక్కెర పెంచినంత మాత్రాన పులుపు తగ్గదు, నాలుకకు తెలియదు అంతే. పాలకు మాత్రం తెలుస్తుంది. నిమ్మ, చింతపండు, దానిమ్మ సిరప్‌లను క్రీమ్ లేకుండా సోడాతోనే తాగడం మేలు. పైనాపిల్‌ది వేరే కథ. పచ్చి రసంలో ఉండే బ్రొమెలైన్ అనే ఎంజైము పాల ప్రోటీన్‌ను ముక్కలు చేసి చేదు తెస్తుంది. రసాన్ని మరిగిస్తే ఆ ఎంజైము పని అయిపోతుంది, పులుపు మాత్రం మిగులుతుంది.

నేరేడు సిరప్‌తో రంగు దగ్గర నిరాశ తప్పదు. అందులోని ఊదా రంగు పదార్థం పులుపులో ఎర్రగా మెరుస్తుంది, క్రీమ్ పడి పులుపు తగ్గేసరికి బూడిద కలిసిన ఊదాలోకి దిగుతుంది. రుచికి వచ్చిన నష్టం లేదు, ఫొటోకే.

కొలతలు, వరుస

పొడవాటి పెద్ద గ్లాసుకు ముప్పావు వంతు ఐసు, 30 నుంచి 45 మిల్లీలీటర్ల సిరప్, 150 నుంచి 180 దాకా సోడా, 20 నుంచి 30 మిల్లీలీటర్ల క్రీమ్ మిశ్రమం. వరుస కూడా ఇదే: ఐసు, సిరప్, సోడా, క్రీమ్. సోడాను గ్లాసు పక్కగా ఆనించి పోయాలి, పైన రెండు వేళ్ళ ఖాళీ వదలాలి. క్రీమ్ కూడా ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి. పొడవాటి చెంచాతో అడుగునుంచి ఒకటి రెండుసార్లు పైకి తెస్తే చాలు; కాఫీ తిరగబోసినట్టు తిరగబోస్తే మిగిలేది తియ్యటి పాలనీళ్ళు.

ధర, పన్ను, చక్కెర

2025 సెప్టెంబర్ 22 నుంచి వచ్చిన జీఎస్టీ మార్పుల్లో చక్కెరో ఫ్లేవరో కలిపిన గ్యాస్ డ్రింకులు 40 శాతం శ్లాబులో చేరాయి. అంతకుముందు 28 శాతం పన్ను, దాని మీద 12 శాతం సెస్సు ఉండేవి కాబట్టి కొనేవాళ్ళకు పెద్ద తేడా లేదు. అయితే చక్కెర, ఫ్లేవర్ లేని సాదా సోడా 18 నుంచి 5 శాతానికి దిగింది. అంటే ఒకే షెల్ఫ్‌లో పక్కపక్కనున్న రెండు బాటిళ్ళ మధ్య పన్నులో ఎనిమిది రెట్ల తేడా. సాదా సోడా కొని ఇంట్లో సిరప్ కలుపుకోవడం చవక కావడానికి ఇది ఒక కారణం. కేఫ్ ధరకు మాత్రం ఈ 40 శాతాన్ని ముడిపెట్టకూడదు. మామూలు రెస్టారెంట్ బిల్లు మీద పడేది 5 శాతమే, మిగతాదంతా అద్దె, జీతాలు, ఏసీ, దిగుమతి సిరప్.

చక్కెర సంగతికొస్తే, ‘ఇంట్లో చేసింది కాబట్టి మంచిది’ అన్న మాట లెక్కకు నిలవదు. సమాన బరువుతో చేసిన సిరప్ 30 మిల్లీలీటర్లలో సుమారు 18 గ్రాముల చక్కెర ఉంటుంది, 45 మిల్లీలీటర్లలో దాదాపు 28. మామూలు కోలా 300 మిల్లీలీటర్లలో 32 గ్రాముల దాకా ఉంటుంది. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషి అదనపు చక్కెరను 50 గ్రాముల లోపు, వీలైతే 25 గ్రాముల లోపు ఉంచుకోవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 45 మిల్లీలీటర్ల సిరప్ వేసిన గ్లాసు ఒక్కటి తాగితే ఆ రెండో హద్దు దాటిపోయినట్టే. కోలాలో లేని వెసులుబాటు ఇక్కడ ఒకటుంది: సిరప్‌ని 20 మిల్లీలీటర్లకు తగ్గిస్తే చక్కెర 12 గ్రాములకు దిగుతుంది, క్రీమ్‌లోని కొవ్వు నోటికి నిండుదనం ఇస్తుంది కాబట్టి తీపి తగ్గిన సంగతి అంతగా తెలియదు. ఆ క్రీమ్ వల్ల పెరిగేవి 30 మిల్లీలీటర్లకు 40 నుంచి 50 కేలరీలు.